మంచాన పడ్డ మనిషిని ఇంట్లో చూసుకోవడం: చూసేవాళ్ళ నిద్రతో మొదలుపెట్టే పద్ధతి

కర్నూలు పెద్దాసుపత్రి నుంచి గానీ, కడప రిమ్స్ నుంచి గానీ, అనంతపురం సర్వజన ఆసుపత్రి నుంచి గానీ పక్షవాతం వచ్చిన మనిషిని ఇంటికి పంపేటప్పుడు మందుల చీటీ చేతికిచ్చి, "రెండు గంటలకొకసారి పక్కకు తిప్పుతుండండి" అని చెప్తారు. మాట మంచిదే. కానీ లెక్క వేస్తే రాత్రి పది నుంచి పొద్దున ఆరు లోపల నాలుగైదుసార్లు లేవాలి. ఆ లేచేది చాలా ఇళ్ళలో ఒక్కరే. భార్యో, కోడలో, పుట్టింట్లో ఉన్న కూతురో. అలా రెండు వారాలు గడిచాయంటే మాత్ర వేశామో లేదో గుర్తుండదు, మనిషిని లేపేటప్పుడు చేయి జారుతుంది, ఊరికే కోపం వస్తుంది. ఇంట్లో జరిగే పొరపాట్లలో చాలావరకు ఈ నిద్రలేమిలోంచే పుడతాయి. అందుకే రోగి పనులన్నీ పెట్టుకుని, మిగిలితే నిద్రపోదామనే పద్ధతి వద్దు. రాత్రి నిద్ర ముందు ఖాయం చేసుకుని, మిగతా పనులు దాని చుట్టూ అమర్చుకోవాలి.

కింద చెప్పేవి ముఖ్యంగా పక్షవాతం, తుంటి ఎముక విరగడం, ముదిరిన వయసు వల్ల మంచం పట్టినవాళ్ళ గురించి. క్యాన్సర్ నొప్పులకూ ఊపిరితిత్తుల జబ్బులకూ వేరే జాగ్రత్తలు కావాలి.

మొదటి పని: రాత్రి లెక్క

లక్ష్యం ఒకటే. చూసేవాళ్ళలో ప్రతి ఒక్కరికీ మధ్యలో లేవకుండా కనీసం ఐదు గంటల నిద్ర. ముక్కలుముక్కలుగా ఎనిమిది గంటలు పడుకున్నా దానికి సాటిరాదు.

ఇద్దరున్న ఇల్లయితే ఇలా పంచుకోండి. మొదటివాళ్ళు రాత్రి పదిన్నరకూ రెండుకూ తిప్పి, రెండుంపావు నుంచి పొద్దున ఏడున్నర దాకా పడుకోవాలి. రెండోవాళ్ళు తొమ్మిదికే పడుకుని, ఐదున్నరకు లేచి, ఆరుకు తిప్పాలి. పడుకునే వంతు వచ్చినవాళ్ళు వేరే గదిలోనో మిద్దె మీదో పడుకోవాలి. రోగి పక్కనే ఉంటే దగ్గు వినబడినప్పుడల్లా మెలకువ వస్తుంది, వంతు పెట్టుకున్న ఫలం దక్కదు.

ఈ పంపకంలో ఒకసారి తిప్పడానికీ ఇంకోసారి తిప్పడానికీ మధ్య ఇంచుమించు నాలుగు గంటలు వస్తాయి. అంత విరామం అందరికీ కుదరదు, మెల్లగా సాధించాలి. రోగి కింద నాలుగైదు అంగుళాల గట్టి ఫోమ్ పరుపు గానీ ఎయిర్ బెడ్ గానీ ఉండి, ఒంటి మీద పుండ్లేమీ లేకపోతే, డాక్టరుతో ఒక మాట అనుకుని మొదలుపెట్టండి. మొదటి మూడు రాత్రులు రెండు గంటలకు, తర్వాత మూడు రాత్రులు మూడు గంటలకు, ఆ తర్వాత నాలుగు గంటలకు. తిప్పిన ప్రతిసారీ తుంటి, తోకఎముక, మడమలు టార్చి వేసి చూడాలి. ఎక్కడైనా ఎరుపు నిలిచిపోతే ఆ మనిషి చర్మం అంతసేపు ఓర్చుకోవట్లేదని అర్థం. వెనక్కి తగ్గండి. పగలు మాత్రం రెండు గంటల లెక్కే.

నిద్ర చెడగొట్టే రెండోది మూత్రం. సాయంత్రం ఏడు దాటాక నీళ్ళు, మజ్జిగ తగ్గించి ఆ లోటు పగలే పూడ్చండి. గుండె జబ్బుకో బీపీకో నీటి మాత్ర (మూత్రం ఎక్కువగా పోయించే మాత్ర) వాడుతుంటే, రెండో మోతాదు సాయంత్రం నాలుగు లోపల వేయొచ్చా అని డాక్టరును అడగండి. ఈ ఒక్క మార్పుతో రాత్రి రెండు మూడు సార్లు లేవడం తప్పిన ఇళ్ళున్నాయి. కాళ్ళకు నీరు పట్టే మనిషైతే మధ్యాహ్నం గంటసేపు కాళ్ళు దిండు మీద ఎత్తి పెట్టాలి. లేకపోతే పగలంతా కాళ్ళలో నిలిచిన నీరు పడుకున్నాక మూత్రంగా దిగుతుంది. మగవాళ్ళకు రాత్రిపూట కండోమ్ క్యాథెటర్ (అంగానికి తొడిగితే మూత్రాన్ని పైపు ద్వారా సంచిలోకి పంపే తొడుగు) వాడుకోవచ్చు. సరైన సైజు తీసుకుని పొద్దునే తీసేయాలి. ఊడిపోతోందని చుట్టూ మామూలు ప్లాస్టరు బిగించి చుట్టకూడదు, రక్తం ఆగి అంగం చెడిపోతుంది.

రాత్రిళ్ళు ఉన్నట్టుండి సంబంధం లేని మాటలు, అరుపులు మొదలైతే మెడికల్ షాపుకెళ్ళి నిద్రమాత్ర అడగొద్దు. నిద్రమాత్రతో మింగే శక్తి మందగిస్తుంది, లేచినప్పుడు పడిపోతారు. మూత్రంలో ఇన్ఫెక్షనా, నాలుగు రోజులుగా విరేచనం కాలేదా, షుగర్ పడిపోయిందా అన్నది ముందు చూడాలి. ముసలివాళ్ళలో జ్వరం లేకుండానే ఇన్ఫెక్షన్ ఇలా బయటపడుతుంది.

మంచం, నేల

నులక మంచం, నవారు మంచం రోగికి హాయిగానే ఉంటాయి గానీ చూసేవాళ్ళ నడుముకు శత్రువులు. మధ్యలో గుంట పడుతుంది కాబట్టి మనిషిని గుంటలోంచి పైకి లాగాలి. పైగా తోకఎముక మీదే బరువంతా ఆగుతుంది. చెక్క మంచం మేలు. పూర్తిగా మంచంలోనే ఉండే మనిషైతే పరుపు పైభాగం మీ తుంటి ఎత్తుకు, అంటే ఇంచుమించు 28–30 అంగుళాలకు రావాలి. నాలుగు కాళ్ళ కింద ఒకే ఎత్తు సిమెంటు దిమ్మెలు పెట్టండి, కదలకుండా దిమ్మెలో గుంత ఉండాలి. పట్టుకుంటే కూర్చుని లేవగలిగే మనిషికి మాత్రం ఇంత ఎత్తు ప్రమాదం. కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, 18–20 అంగుళాలు చాలు.

మంచానికి రెండు పక్కలా మనిషి నిలబడేంత చోటుండాలి. మన ఇళ్ళలో నేల చాలావరకు బేతంచెర్ల బండలో కడప బండలో. పాలిష్ పట్టినవాటి మీద నీటి చుక్క పడితే జారతాయి. మంచం నుంచి స్నానాల గది దాకా బట్టలు, వైర్లు, చెప్పులు లేకుండా చూసి, గదిలో రబ్బరు మ్యాట్ వేయండి. మరుగుదొడ్డి పెరట్లో ఉంటే కమోడ్ కుర్చీ కొనడమే దారి. ప్లాస్టిక్ కుర్చీకి రంధ్రం కోసి వాడితే, ఒక పక్కే బరువు వేసే పక్షవాతం మనిషి కింద అది పగులుతుంది, లేదా ఒరిగిపోతుంది.

తిప్పడం, లేపడం: నడుము పోగొట్టుకోకుండా

మనిషిని చేతులతో ఎత్తకూడదు. జరపాలి, దొర్లించాలి. దీనికి ఇంట్లో ఉండే పాత నూలు చీర చాలు. నాలుగు మడతలు పెట్టి భుజాల నుంచి తొడల దాకా వచ్చేలా ఒంటి కింద పరవండి. పాలిస్టరు చీర జారుతుంది, చెమట పీల్చదు.

ఇద్దరున్నప్పుడు చెరో పక్క నిలబడి, చీర అంచును ఒంటికి దగ్గరగా చుట్టి పట్టుకుని, "ఒకటి, రెండు, మూడు" అని కలిసి జరపాలి. మంచంలో కిందికి జారిపోయిన మనిషిని పైకి తేవడానికీ ఇదే పద్ధతి. చంకల్లో చేతులు వేసి ఈడ్చితే వీపు చర్మం పరుపుకు రాసుకుని లేస్తుంది.

ఒక్కరే ఉన్నప్పుడు:

1. ఎటు తిప్పాలో అటు పక్కనే మీరు నిలబడండి. మనిషి మీ వైపుకే దొర్లాలి, మీకు అవతలికి కాదు.
2. ముందుగా చీరతో మనిషిని మీకు దూరంగా ఉన్న అంచు వైపు కాస్త జరపండి. లేకపోతే దొర్లినప్పుడు మంచం అంచుకు వచ్చేస్తారు.
3. అవతలి చేతిని రొమ్ము మీదుగా మీ వైపు పెట్టండి. అవతలి మోకాలు మడవండి.
4. ఒక అరచేయి అవతలి భుజం వెనక, ఇంకొకటి అవతలి తుంటి వెనక వేయండి. ఒక పాదం ముందు, ఒకటి వెనక పెట్టి, మోకాళ్ళు కాస్త వంచి, మీ ఒంటి బరువును వెనక కాలి మీదికి మార్చండి. మనిషి తనంతట తానే దొర్లి వస్తారు. లాగాల్సింది చేతులు కాదు.
5. పూర్తి పక్కకు కాకుండా, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీల వాలుకు ఆపండి. నిట్టనిలువుగా పక్కకు పడుకోబెడితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది. మోకాళ్ళ మధ్య ఒక దిండు, పిక్కల కింద ఒకటి. మడమలు గాలిలో తేలాలి.

మంచం నుంచి కుర్చీలోకి మార్చేటప్పుడు కుర్చీని బలం ఉన్న వైపు పెట్టాలి. ముందు మంచం అంచున రెండు మూడు నిమిషాలు కూర్చోబెట్టండి. చాలారోజులు పడుకున్న మనిషిని ఒక్కసారిగా నిలబెడితే బీపీ పడి కళ్ళు తిరుగుతాయి. నడుముకు వెడల్పాటి తువ్వాలు బిగించి కట్టి, దాన్నే పట్టుకోండి. మీ మోకాలిని ఆ మనిషి బలహీనమైన మోకాలికి ఆనించండి, మడత పడకుండా ఉంటుంది. పడిపోయిన చేయి పట్టుకుని మాత్రం ఎప్పుడూ లాగొద్దు. కండరాల పట్టు లేని భుజం కీలు కొంచెం లాగినా జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి వేధిస్తుంది. మీ మెడ చుట్టూ చేతులు వేయించుకోవద్దు. మనిషి జారుతున్నట్టనిపిస్తే ఆపడానికి పెనుగులాడకుండా, మీ తొడ మీదుగా మెల్లగా నేలకు దించండి.

చర్మం

రోజుకు రెండుసార్లు, స్నానం చేయించేటప్పుడూ పడుకోబెట్టేటప్పుడూ, తోకఎముక, తుంట్లు, మడమలు, చీలమండలు, మోచేతులు, భుజం రెక్కలు, చెవులు, తల వెనక భాగం చూడాలి. ఎర్రబడ్డ చోట వేలితో అదిమి వదలండి. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే ఫరవాలేదు. తెల్లబడకపోతే పుండు లోపల మొదలైనట్టే. నల్లని ఒంటి మీద ఎరుపు సరిగా తెలియదు కాబట్టి వేడిగా ఉందా, గట్టిపడిందా, చుట్టుపక్కల కన్నా రంగు ముదిరిందా అన్నది తడిమి చూడాలి. అలాంటి చోట నూనె పెట్టి రుద్దడం మన ఇళ్ళలో మామూలు. వద్దు. రుద్దితే లోపల నలిగిన కండ ఇంకా నలుగుతుంది. చేయాల్సింది ఆ చోటు మీద బరువు పడకుండా చూడటమొక్కటే. మధ్యలో రంధ్రమున్న గాలి ట్యూబు మీద కూర్చోబెట్టినా నష్టమే, దాని అంచు చుట్టూ రక్తాన్ని ఆపేస్తుంది.

ఎయిర్ బెడ్ కొన్నాక తిప్పడం మానేయొచ్చనుకుంటారు. అది సాయమే గానీ బదులు కాదు. దాని మీద బొంత, దుప్పటి మీద దుప్పటి పరిస్తే గాలి గదులు చేసే పని చర్మానికి చేరదు. ఒక్క పలుచని నూలు దుప్పటే ఉండాలి. మనిషి పడుకున్నాక తుంటి దగ్గర పరుపు కింద అరచేయి పెట్టి చూడండి. ఎముక మీ చేతికి తగులుతోందంటే గాలి చాలలేదు. కరెంటు పోతే పరుపు మెల్లగా దిగిపోతుంది కాబట్టి ఆ గంటల్లో మళ్ళీ రెండు గంటల లెక్కకు రండి.

డైపర్ నాలుగైదు గంటలకు మించి ఉంచొద్దు, విరేచనమైతే వెంటనే మార్చాలి. తుడిచేటప్పుడు ఆడవాళ్ళకు ముందు నుంచి వెనక్కే. పౌడరు చెమటతో ఉండకట్టి ఒరుసుకుంటుంది, దాని బదులు జింక్ ఆక్సైడ్ క్రీము పలుచగా చాలు. కొళాయి రోజు విడిచి రోజు వచ్చే వీధుల్లో గుడ్డలు ఉతకడం కన్నా రాత్రికి డైపర్, పగలు కింద పరిచే అండర్‌ప్యాడ్ అన్న ఏర్పాటు నడుస్తుంది. పగలు డైపర్ లేకుండా గాలి ఆడితే ఒరుపు సగం తగ్గుతుంది.

అన్నం, సంగటి, మింగడం

పక్షవాతం వచ్చినవాళ్ళలో చాలామందికి గొంతు కండరాలు కూడా దెబ్బతింటాయి. తిన్నది అన్నవాహికకు బదులు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే నిమోనియా వస్తుంది. మన ప్రాంతంలో దీనికి ప్రత్యేకంగా భయపడాల్సింది రాగి సంగటి విషయంలో. సంగటి నమలరు, ముద్ద పప్పులోనో ఊరిమిండిలోనో ముంచి మింగేస్తారు. డెబ్బై ఏళ్ళ అలవాటు జబ్బు వచ్చిందని పోదు. బలహీనమైన గొంతులో ఆ జిగట ముద్ద అడ్డం పడితే ఊపిరాడదు. సంగటి కోసం ఎంత బతిమాలినా, మింగడం బాగుందని డాక్టరో స్పీచ్ థెరపిస్టో చూసి చెప్పేదాకా ముద్ద పెట్టకండి. అదే రాగిపిండిని చెంచాలోంచి నిదానంగా జారేంత చిక్కటి జావగా కాచి, మజ్జిగో పప్పు తేటో కలిపి ఇవ్వొచ్చు.

నీళ్ళు అన్నిటికన్నా తేలికనుకుంటాం. నిజానికి పలుచటి నీళ్ళే గొంతులో అదుపు లేకుండా జారి దగ్గు తెప్పిస్తాయి. నీళ్ళు తాగితే దగ్గు వచ్చి, జావ తాగితే రాకపోతే, ద్రవాలన్నీ చిక్కగా ఇవ్వాలో లేదో ఆసుపత్రిలో అడగండి.

తినిపించేటప్పుడు మనిషి నిటారుగా కూర్చోవాలి. గడ్డం రొమ్ము వైపు కాస్త వంగాలి. నిలబడి తినిపిస్తే వాళ్ళు తల పైకెత్తుతారు, గొంతు తెరుచుకునే దారి మారిపోతుంది. కాబట్టి మీరు ఎదురుగా కూర్చోండి. టీ చెంచాతో సగం, నోట్లో బాగున్న వైపు. మింగారని చూసి తర్వాత చెంచా. తిన్నాక బుగ్గలో మెతుకులు మిగిలాయేమో వేలికి గుడ్డ చుట్టి చూసి, నోరు శుభ్రం చేసి, అరగంట కూర్చోబెట్టే ఉంచాలి. తింటుంటే దగ్గు, గొంతు తడితడిగా మారడం, కళ్ళ నీళ్ళు కారడం కనబడితే ఆపేయండి. "ఇంకో రెండు ముద్దలు" అనే ప్రేమ ఇక్కడ పనికిరాదు.

ముక్కు పైపు ఉంటే ప్రతిసారీ ముక్కు దగ్గర వేసిన గుర్తు కదిలిందేమో ముందు చూడాలి. తల వైపు 30–45 డిగ్రీలు ఎత్తి, 30–50 మి.లీ. నీళ్ళు పంపి, ఆహారం ఒక విడతకు 200–250 మి.లీ. దాటకుండా, సిరంజి ఎత్తిపట్టి దాని బరువుతోనే దిగనివ్వాలి. నెట్టొద్దు. తర్వాత మళ్ళీ నీళ్ళు. రాగి జావ గుడ్డలో వడగట్టకపోతే పైపు మూసుకుపోతుంది. అన్ని మాత్రలూ నూరకూడదు. పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఆర్ అని ఉన్నవీ, కడుపులో కరగకుండా పైపూత వేసినవీ నూరితే మోతాదు ఒక్కసారే విడుదలవుతుంది లేదా పనిచేయదు. వాటికి బదులు ద్రవ రూపంలో ఏముందో డాక్టరును అడగాలి. పైపు ఊడివస్తే ఇంట్లో మళ్ళీ దూర్చొద్దు.

యూరిన్ పైపు

బ్యాగు ఎప్పుడూ నడుము కన్నా కిందే ఉండాలి, కానీ నేలకు తగలకూడదు. మంచం పట్టీకి కొక్కెంతో వేలాడదీయండి. మూడింట రెండొంతులు నిండగానే చేతులు కడుక్కుని ఖాళీ చేయండి. పైపును తొడకు ప్లాస్టరుతో అంటిస్తే తిప్పేటప్పుడు లోపల లాగదు. నాలుగు గంటలైనా చుక్క రాకపోతే ముందు మెలిక పడిందేమో చూసి, లేదంటే ఆసుపత్రికి. చలితో జ్వరం, రక్తం, పొత్తికడుపు ఉబ్బడం కనబడినా అంతే. పైపు మార్చాల్సిన తేదీ గోడ మీద రాసి పెట్టండి.

మందులు, షుగర్, సెలైన్

ఒక పెద్ద కాగితం మీద నాలుగు గడులు గీయండి: పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి. మాత్ర పేరుతో పాటు దేనికో కూడా రాయండి: "బీపీకి", "రక్తం గడ్డకట్టకుండా". వేసినప్పుడల్లా టిక్కు. వంతు మారినప్పుడు రెండుసార్లు వేయడం, అసలు వేయకపోవడం దీనివల్లే తప్పుతాయి. ఆ కాగితం ఫోటో తీసి ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టండి.

ఇన్సులిన్ వాడేవాళ్ళు తిండి తగ్గించేసినా మోతాదు పాతదే నడుస్తుంటుంది. ఇంట్లో షుగర్ పడిపోవడానికి మామూలు కారణం ఇదే. చెమటలు, వణుకు, మత్తు కనబడి, మిషన్లో 70 కన్నా తక్కువ చూపిస్తే, మెలకువగా ఉండి మింగగలిగితే మూడు టీ చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి పట్టించి, పదిహేను నిమిషాలకు మళ్ళీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. ఫ్రిజ్ లేకపోతే పెద్ద మట్టిపాత్రలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న మట్టిపాత్ర దించి అందులో ఇన్సులిన్ పెట్టి మూత వేస్తే ఎండాకాలంలో కూడా బాగా చల్లగా ఉంటుంది. ఫ్రిజ్ ఉంటే తలుపు అరలో పెట్టండి, ఫ్రీజర్లో గడ్డకట్టినది పారేయాల్సిందే.

నీరసంగా ఉన్నారని ఆర్ఎంపీని పిలిచి సెలైన్ ఎక్కించడం మానుకోండి. గుండె, కిడ్నీ బలహీనంగా ఉన్న మనిషికి ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి చేరి ఆయాసం వస్తుంది.

ఎండాకాలం

ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం ఇక్కడ వింత కాదు. మంచాన పడ్డవాళ్ళు దాహమని చెప్పలేరు. నీటి మీద డాక్టరు హద్దు పెట్టకపోతే, గంటకు అర గ్లాసు చొప్పున గడియారం చూసి ఇవ్వండి. మూత్రం ముదురు పసుపైతే చాలలేదని. మిద్దె కింద గది కొలిమిలా కాగుతుంటే మధ్యాహ్నం పూట మంచాన్ని ఉత్తరం వైపు వసారాలోకి మార్చడమే తేలిక. ఒళ్ళు కాలిపోతూ, చెమట ఆగి, మాట తడబడితే వడదెబ్బ. తడిగుడ్డలు, ఫ్యాను, 108.

ఇక 108 సంగతి వచ్చింది కాబట్టి: మూతి వంకర, చేయి పడిపోవడం, మాట ముద్దగా రావడం కొత్తగా కనబడితే మళ్ళీ పక్షవాతమే. మొదలైన సమయం రాసుకోండి, ఆసుపత్రిలో మొదటి ప్రశ్న అదే. గడ్డ కరిగించే ఇంజెక్షన్ పనికొచ్చేది నాలుగున్నర గంటల లోపలే, అదీ స్కాన్ తీశాక. పసరు మందు కోసం, పావురం రక్తం కోసం తిరిగే గంటలు ఇందులోంచే పోతాయి. ఆ తర్వాత దేవుడి దగ్గరికి ఎప్పుడు వెళ్ళినా ఫరవాలేదు.

పని పంచుకోవడం

"అందరం చూసుకుంటాం లే" అన్న మాటకు ఇంట్లో విలువ లేదు. ఎవరు, ఏ రోజు, ఏ పని అన్నది కాగితం మీదికి రావాలి. ముందుగా చూసేవాళ్ళు ఒక వారంపాటు తాము చేసే ప్రతి పనీ గంటతో సహా రాయాలి. ఆ కాగితం చూపించి మాట్లాడితే "నువ్వు ఇంట్లోనే ఉంటావుగా" అనే నోరు మెత్తబడుతుంది.

కడప వైపు చాలా ఇళ్ళలో కొడుకు కువైట్‌లో ఉంటాడు. అతను తిప్పలేడు, కానీ నెలకింత అని తేదీ పెట్టి డబ్బు పంపగలడు, డాక్టరు అపాయింట్‌మెంట్లూ మందుల ఆర్డర్లూ ఫోన్లోనే చూడగలడు, రోజూ రాత్రి ఎనిమిదికి నాయనతో వీడియోలో అరగంట మాట్లాడి ఆ అరగంట, ఇంట్లో నాయనను చూసుకునే వదినకు విడుపు ఇవ్వగలడు. బెంగళూరులో ఉన్న తమ్ముడికి అనంతపురం పెద్ద దూరం కాదు. నెలకు రెండు శని, ఆదివారాలు అతనివే. వచ్చినప్పుడు అతిథిలా కాదు, శనివారం పొద్దున పని అందుకుని ఆదివారం సాయంత్రం అప్పజెప్పాలి. ఆ రెండు రోజులు వదిన పుట్టింటికి వెళ్ళాలి. ఇంట్లోనే ఉంటే "వదినా, తువ్వాలెక్కడ" అని పిలుస్తూనే ఉంటారు.

పల్లెల్లో ఇంకో చిక్కు. వేరుశనగ విత్తే రోజుల్లో, పీకే రోజుల్లో ఇంట్లో ఎవరూ మిగలరు. కర్నూలు పడమటి మండలాల్లో, ఆదోని, కోసిగి వైపు, మిరప కోతలకు గుంటూరు వలసపోయే కుటుంబాలు ముసలివాళ్ళను ఊళ్ళోనే విడిచి వెళ్ళాల్సి వస్తుంది. ఆ నెలల ఏర్పాటు పండక్కో జాతరకో అందరూ కలిసినప్పుడే తేల్చుకోండి. పక్కింటామెకు కూలి మాట్లాడుకుని రెండు పూటలా అన్నం, మందు, తిప్పడం ఒప్పజెప్పడం మొహమాటపడాల్సిన పని కాదు. ఊరికే చేయమంటే పది రోజులు చేస్తారు, కూలి ఇస్తే సీజనంతా చేస్తారు.

పలకరింపుకు వచ్చేవాళ్ళు బ్రెడ్డు, బత్తాయిలు తెచ్చి గంట కూర్చుంటారు, వాళ్ళకు టీలు కాచేది కూడా మీరే. సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా అని సమయం చెప్పేయండి. దగ్గరివాళ్ళయితే, "అత్తా, నువ్వు జేజి దగ్గర కూర్చుంటే నేను అరగంట నడుం వాలుస్తాను" అని అడగండి. ఎవరూ కాదనరు. ఎక్కువమందికి ఏం సాయం చేయాలో తెలియకే సలహాలు చెప్తుంటారు.

ఆయమ్మను పెట్టుకుంటే ఏ గంట నుంచి ఏ గంట దాకా, ఏ పనులు, వారానికి ఏ రోజు సెలవు, నెలకెంత అన్నది మొదటి రోజే రాసుకోండి. మొదటి మూడు రోజులు పక్కనుండి తిప్పడం, తినిపించడం చేయించి చూడాలి. ఇన్సులిన్, ముక్కు పైపు ఇంటివాళ్ళ చేతిలోనే ఉండాలి.

మీ ఒళ్ళు, మీ మనసు

చూసేవాళ్ళు మొదట వదిలేసేది తమ మాత్రలే. రోగి మందుల కాగితం మీదే మీ బీపీ, షుగర్ మాత్రలకూ ఒక వరుస గీసి టిక్కు పెట్టండి. నెలకొకసారి విలేజ్ క్లినిక్‌లోనో, 104 బండి వచ్చిన రోజో బీపీ, షుగర్ చూపించుకోండి. ఏఎన్ఎం రోగిని చూడటానికి ఇంటికొచ్చినప్పుడు చేయి చాపి మీ బీపీ కూడా చూడమనండి. అన్నం రోగికి పెట్టాక, అందరూ తిన్నాక, చల్లారింది తినడం కాదు. రోగికి పెట్టే ముందు మీరు తినేయండి. ఆకలితో తినిపించేవాళ్ళు తొందరపెడతారు, తొందరలోనే పొలమారుతుంది.

నడుం నొప్పి కాలిలోకి దిగుతుంటే, కాలు మొద్దుబారుతుంటే మందు రాసుకుని సర్దుకోవద్దు. ఎముకల డాక్టరుకు చూపించుకుని, ఆ వారం తిప్పే పని ఇంకొకరికి అప్పజెప్పండి.

"ఇంక వెళ్ళిపోతే బాగుండు" అన్న ఆలోచన రావడం, వెంటనే పాపం చేసినట్టు అనిపించడం ఏళ్ళ తరబడి చూసినవాళ్ళలో చాలామందికి జరిగేదే. అలసట ముదిరిందనడానికి అది గుర్తు, ప్రేమ లేదనడానికి కాదు. చేయి ఎత్తాలనిపించేంత కోపం వస్తే, మనిషి పడిపోకుండా దిండ్లు అడ్డం పెట్టి, గది బయటికి వచ్చి పది నిమిషాలు కూర్చోండి. ఆ రోజే ఇంకొకరికి ఫోన్ చేసి ఒక రాత్రి వంతు అప్పగించండి. రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, దేని మీదా మనసు నిలవకపోవడం, బతకాలనిపించకపోవడం ఉంటే అది జబ్బు. దానికి మందుంది. మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే 14416కు ఫోన్ చేస్తే పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు, డబ్బు ఖర్చు లేదు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒంటరిగా ఉండకుండా వెంటనే ఎవరికైనా చెప్పండి, ఆ ఫోన్ చేయండి.

డబ్బు, కాగితాలు

పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. ఈ మొత్తం 2024లో పెంచారు. దివ్యాంగుల పింఛను 6,000, వృద్ధాప్య పింఛను 4,000. పక్షవాతం, దివ్యాంగుల పింఛన్లకు సదరం సర్టిఫికెట్ (వైకల్యాన్ని ధ్రువీకరించే పత్రం) కావాలి, స్లాట్ సచివాలయంలో బుక్ చేస్తారు. పరీక్షకు వెళ్ళేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ రిపోర్టులు, ఆధార్, రేషన్ కార్డు అసలువీ జిరాక్సులూ తీసుకెళ్ళండి. డిశ్చార్జి సమ్మరీ పోగొట్టుకున్నవాళ్ళే ఎక్కువ తిరుగుతారు. ఇంటికొచ్చిన రోజే ఫోటో తీసి పెట్టుకోండి.

70 ఏళ్ళు నిండినవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఏడాదికి కుటుంబానికి 5 లక్షల వరకు వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఇస్తున్నారు. రిటైరైన ఉద్యోగులు నవంబరులో ఇవ్వాల్సిన జీవన ధ్రువపత్రాన్ని ఫోన్లో ముఖం చూపించి ఇంటి నుంచే పంపొచ్చు, మంచం మీది మనిషిని ఆటోలో ఎక్కించి బ్యాంకుకు తీసుకెళ్ళక్కర్లేదు.

ఖర్చుల పుస్తకం ఒకటి పెట్టి ప్రతి బిల్లూ అందులో అంటించండి, నెలాఖరుకు గ్రూపులో మొత్తం పెట్టండి. అన్నదమ్ముల మధ్య గొడవ ఎక్కువసార్లు మొదలయ్యేది డబ్బు చాలకపోవడం వల్ల కాదు, ఎంత అయిందో ఎవరికీ తెలియకపోవడం వల్ల. అయినా పిల్లలెవరూ పట్టించుకోని తల్లిదండ్రులు 2007 నాటి చట్టం కింద ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు. ఎలా పెట్టాలో వృద్ధుల సహాయ నంబరు 14567లో పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా చెప్తారు.